సీసాలో పరాయి మనిషి

ఇందుశేఖర హెబ్బారు అనే పెద్దమనిషి తనియప్ప పూజారి ఎడమ చెంపలోంచి ముక్క పట్టుకుపోయి ఆరేళ్ళయింది. క్యాన్సరని కోసింది సర్జను. పట్టుకుపోయింది మాత్రం హెబ్బారు. ఆ ముక్కతో ఆయన ప్రొఫెసరయ్యాడు, బయోమెడికల్ సైన్సెస్ విభాగానికి పెద్దయ్యాడు, విమానాలెక్కి నాలుగు దేశాల్లో ఆ ముక్క గురించి మాట్లాడి వచ్చాడు. తనియప్పకు మిగిలింది రెండు వేళ్ళ మందం మించి తెరుచుకోని నోరు.

అయినా నిన్నటిదాకా తనియప్ప ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. ఊళ్ళో ఇంకెవరైనా అంటే ఊరుకోలేదు కూడా. ఆ ముక్కలోంచి పుట్టిన కణాలు లాబులో సీసాల్లో బతుకుతున్నాయనీ, వాటికి తనియప్ప పేరులో అక్షరాలే పెట్టారనీ, ఎక్కడెక్కడివాళ్ళో అడిగి తెప్పించుకుంటున్నారనీ హెబ్బారే చెప్పాడు. పూజారన్నది ఇంటిపేరే; ఐదో తరగతిలో బడి మానేసి పోకచెట్లెక్కిన మనిషికి అంతకంటే ఏం కావాలి. పోకలు తూకం వేసే చోట ఎవరైనా ఎకసెక్కాలాడితే, "నేను చచ్చినా నా చెంప చావదురా, నీకుందా అలాంటి చెంప?" అనేవాడు.

ఆ గర్వంతోనే చెల్లెలు లీల కూతురు అశ్విజను హెబ్బారు పనిచేసే యూనివర్సిటీలోనే, ఆయన విభాగంలోనే చేర్పించాడు. వాళ్ళ పాత పద్ధతిలో ఇంటి ఆస్తి కొడుక్కి పోదు, అక్కచెల్లెళ్ళ పిల్లలకు పోతుంది. మామ దాన్ని చేతిలో పెట్టుకుని కాపలా కాస్తాడంతే. కాబట్టి మేనకోడలికి చదువు చెప్పించడం అతనికి దయ కాదు, బాధ్యత.

పోయిన వారం మనం తనియప్పను పుత్తూరు నుంచి మంగళూరొచ్చే బస్సులో, కిటికీ మూసినా జల్లు కొట్టే సీటులో వదిలిపెట్టాం. ముందు రోజు అతనికి రెండు ఫోన్లొచ్చాయి. ఒకటి హెబ్బారుది. "ఒక్కసారి రండి తనియప్పా. దూదిపుల్లతో చెంప లోపల రుద్దుకుంటాం. ఐదు నిమిషాల పని." రెండోది అశ్విజది. "రా మావా. కానీ నేను పక్కన లేకుండా ఆ పుల్ల నోట్లో పెట్టనివ్వకు." ఎందుకో అడిగేలోగా పెట్టేసింది.

అశ్విజ విభాగం గేటు దగ్గర గొడుగు లేకుండా నిలబడి ఉంది. తల తడిసి ముద్దయింది. కళ్ళు చూస్తే వాన నీళ్ళొక్కటే కాదని తెలుస్తోంది.

"గంజి తాగొచ్చావా?" అంది.

"తాగాను. మీ అమ్మ బంగుడె చేపల పులుసు కూడా ఇచ్చింది, వాసన చూసుకోమని. ఎందుకే ఈ రహస్యాలు? నీ ప్రాజెక్టు చెడిపోయిందా?"

"చెడిపోలేదు మావా. సరిగ్గా వచ్చింది. అదే గొడవ."

"సరిగ్గా వస్తే గొడవేంటి?"

అశ్విజ చెప్పబోయింది. ఈలోగా పై వరండాలోంచి హెబ్బారు గొంతు వినపడింది. "అక్కడే నిలబెట్టేశావేమ్మా పెద్దాయన్ని? పైకి తీసుకురా." ఎప్పట్నుంచి చూస్తున్నాడో ఏమో. రెండు చేతులూ పిట్టగోడ మీద ఆనించి వంగి ఉన్నాడు.

గదిలోకి వెళ్ళగానే హెబ్బారు తనే కుర్చీ జరిపాడు. "రండి రండి. మా విభాగానికి మూలపురుషుడు," అని నవ్వాడు. ఆరేళ్ళ కింద ఆస్పత్రి మంచం పక్కన నిలబడ్డప్పుడు "నువ్వు" అన్న మనిషి. తనియప్పకు ఆ తేడా చెవిన పడింది. పెద్దవాళ్ళు మర్యాద పెంచారంటే మన దగ్గర ఏదో కావాల్సి వచ్చిందని అతనికి తెలుసు. పక్కింటి మోనప్ప శెట్టి కూడా కంచె జరిపే ముందు నెల రోజులు "అన్నా" అని పిలిచాడు.

బల్ల మీద అన్నీ సిద్ధంగా ఉన్నాయి. చేతి తొడుగులు, కాగితం సంచిలో దూదిపుల్లలు, చిన్న స్టాండులో రెండు ప్లాస్టిక్ గొట్టాలు. ఒకదానికి నీలం మూత, ఒకదానికి తెల్ల మూత.

"చెంప ఒకటే కదా," అన్నాడు తనియప్ప. "గొట్టాలు రెండెందుకు?"

"సరిచూసుకోవడానికి తనియప్పా. మా పని అంతా అంతే, ఒకటికి రెండుసార్లు."

"తెల్ల మూతది దేనికో కూడా చెప్పండి సార్," అంది అశ్విజ. తలుపు పక్కనే నిలబడి ఉంది, కూర్చోలేదు.

హెబ్బారు ఆ అమ్మాయి వైపు చూడలేదు. "పుల్ల లోపలికి పోయేంత తెరిస్తే చాలు. మీకు కష్టమని నాకు తెలుసు."

"అది సీసాలోని కణాలు వేయాల్సిన గొట్టం మావా," అంది అశ్విజ. "విదేశీ పత్రికవాళ్ళు రుజువు అడిగారు. సీసాలో ఉన్నవీ, నీ చెంపలో ఉన్నవీ ఒకే మనిషివని చూపించాలి. రెండు గొట్టాల్లోనూ నీ చెంపే వేస్తే ఒకటేనని రాక ఏం చస్తుంది?"

"మరి సీసాలోవి వేసి చూపించొచ్చు కదా. అవీ నావే కదా."

బయట గట్టర్లోంచి నీళ్ళు పడుతున్న చప్పుడు.

"చెప్పవే," అన్నాడు తనియప్ప.

"వేసవి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు నీ చెంప రుద్దుకున్నాను, గుర్తుందా? ఆ డి.ఎన్.ఎ. గుర్తులూ సీసాలోని కణాల గుర్తులూ పక్కపక్కన పెట్టి చూశాను. కలవలేదు. నేనే పొరపాటు చేశాననుకుని మళ్ళీ చేశాను. కొత్త సీసా తీసి ఇంకోసారి చేశాను." అశ్విజ మావ చెంప వైపు చూసింది. "అవి నీవి కావు మావా. అసలు మగమనిషివే కావు."

తనియప్పకు ముందు నవ్వొచ్చింది. అతని నవ్వు ఒక పక్కకే పోతుంది, రెండో పక్క చెంప కదలదు. "ఆడమనిషా? ఎవరావిడ? మన వైపు మనిషేనా?"

"కాదు. ఎప్పుడో చనిపోయిన పరదేశపావిడ. ఆవిడ కణాలు మొండివి, ఎక్కడ పడితే అక్కడ పెరుగుతాయి. ప్రతి లాబులోనూ ఉంటాయి. ఒక్క చుక్క పక్క సీసాలో పడితే చాలు, పది రోజుల్లో ఆ సీసాలో ఉన్నవాటిని తోసేసి తామే నిండిపోతాయి. పైకి చూస్తే తేడా తెలీదు."

"కాకి గూట్లో కోకిల పిల్లలాగా."

"అంతకంటే అన్యాయం. కోకిల పిల్ల రెక్కలొస్తే ఎగిరిపోతుంది."

కంచె జరగడం తనియప్పకు కొత్త కాదు. తొలకరి తర్వాత రాత్రికి రాత్రే జానెడు జరుగుతుంది, మరుసటేడు ఇంకో జానెడు, ఆ తర్వాత సర్వేవాడొచ్చి ఎప్పట్నుంచో ఇంతేనంటాడు. కానీ తన ఒంట్లోంచి తీసిన ముక్కలో కూడా కంచె జరుపుతారని అతను కల్లో కూడా అనుకోలేదు.

"నావి ఏమయ్యాయి మరి?"

"చచ్చిపోయి ఉంటాయి. ఎప్పుడో, మొదటి నెలలోనే. సీసా కడిగినప్పుడు సింకులోకి పోయి ఉంటాయి."

అశ్విజ ఆ మాట అన్నాక చున్నీతో మొహం తుడుచుకుంది. మొదటి సెమిస్టర్లో హెబ్బారు క్లాసంతటినీ మైక్రోస్కోపు దగ్గరకు పిలిచి ఆ కణాలు చూపించినప్పుడు, అది తన మావేనని తెలిసి ఆ పిల్ల అందరి ముందూ ఏడ్చింది. అప్పట్నుంచి వాటికి తిండి మార్చే పని తనే అడిగి తీసుకుంది. ఎర్రటి నీళ్ళు, రోజు మార్చి రోజు, పండగనక సెలవనక. హాస్టల్లో స్నేహితులు "మావకి అన్నం పెట్టొచ్చావా?" అని ఏడిపించేవాళ్ళు. ఊరికి ఫోన్ చేసినప్పుడు, "ఇవాళ బాగా పెరిగావు మావా, సీసా నిండా నువ్వే," అనేది. అటుపక్క తనియప్ప గంజి గిన్నె ముందు కూర్చుని, తాను ఎక్కడో కడుపు నిండా తింటున్నానని సంతోషపడేవాడు. రెండేళ్ళు ఆ పిల్ల ముక్కూ మొహం తెలియని మనిషిని మేపింది.

"ఎలా పడింది ఆ చుక్క?" అన్నాడు తనియప్ప.

"ఒక్కో రకం కణాలకు వేరే తిండి సీసా ఉండాలి. ఒకటి ముగించి, బల్ల తుడిచి, కాసేపు ఆగి గానీ ఇంకోటి ముట్టుకోకూడదు. మొదటి వారంలోనే మాకు నేర్పిస్తారు. నేర్పించింది సారే." అశ్విజ హెబ్బారు వైపు తిరిగింది. "నీ ముక్క తెచ్చిన ఏడు వానల్లో పొద్దున పదకొండింటికల్లా కరెంటు పోయేదట. గాలి శుభ్రం చేసే ఫ్యాను ఆగేలోగా అన్నీ ఒకేసారి కానిచ్చేవారట, ఒకే తిండి సీసాలో గొట్టం ముంచి. అప్పటి సీనియర్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు, మా సారు అరగంటలో ఆరు సీసాలు చేసేవారని."

హెబ్బారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు గొంతులో నవ్వు లేదు.

"చూడు తనియప్పా. ఈ పరీక్ష చేసింది ఈ అమ్మాయి. ఇంకా చదువుకుంటున్న పిల్ల. గొట్టాలు తారుమారై ఉంటాయి, చెయ్యి తేడా చేసి ఉంటుంది. నేను అదే రాయాల్సొస్తే ప్రాజెక్టు పోతుంది. ప్రాజెక్టు పోతే డిగ్రీ లేదు. గైడు సంతకం లేకుండా ఇంకో చోట అడుగు పెట్టనివ్వరు. అదే నువ్వు ఇప్పుడు ఒక్క నిమిషం నోరు తెరిస్తే, ఆ పత్రికలో నా పేరు పక్కన తన పేరుంటుంది. మీ ఇంట్లో ఎవరి పేరైనా అచ్చయిందా ఇప్పటిదాకా, పెళ్ళి శుభలేఖల్లో తప్ప?"

మీరు పోయి నువ్వు వచ్చేసింది.

తనియప్ప మేనకోడలి వైపు చూశాడు. ఆ పిల్ల చెప్పులు తడిసి నేల మీద మడుగు కట్టింది. ఊళ్ళో తాటి కల్లు గీసిన వంశంలో, సైన్సు చదివి ఇంత దూరం వచ్చిన మొదటి మనిషి. ఒక దూదిపుల్ల. ఎంగిలి. దానితో పోయేదేముంది.

"పోనీలేవే," అన్నాడు మెల్లిగా. "నా ఎంగిలే కదా. రుద్దుకోనీ. నీ కాగితం నీ చేతికొస్తుంది."

"నువ్వు తెరిస్తే నేను ఇప్పుడే బయటికిపోతాను మావా. మళ్ళీ ఈ చదువు మొహం చూడను. అబద్ధం మీద పాస్ కావడానికా నువ్వు నన్ను ఇక్కడ చేర్పించింది?"

"నీకేం తెలుసు, పాస్ కాకపోతే ఎలా ఉంటుందో. నన్నడుగు చెబుతాను."

"ఈ రెండేళ్ళూ మోసపోయింది చాలదా మావా?"

హెబ్బారు ఓపిగ్గా దూదిపుల్ల కాగితం చింపాడు.

తనియప్ప అతని చేతి వైపు చూశాడు. "డాక్టరుగారూ, నేను చదువుకోలేదు. అమ్మాయి కాదంటోంది, మీరు అవునంటున్నారు. నేనెవర్ని నమ్మాలి? ఒక్క ముక్క చెప్పండి. ఆ సీసాలోవి నావేనా?"

"నీవే."

"అయితే ఆణె పెట్టండి."

ఆ వైపు గట్టు తగాదాలు కోర్టుకు పోయే ముందు ఆణెకే, దైవం ముందు ప్రమాణానికే పోతాయి. స్టాంపు కాగితం మీద వెయ్యి అబద్ధాలాడే మనిషి కూడా ఊరి దైవం గంధం మీద చెయ్యి వేసి ఒక్కటి ఆడడు. తనియప్ప చొక్కా లోపలి జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. ఎండిన అరిటాకు ముక్కలో జుమాది దైవం గంధపు ముద్ద, దైవం మనిషి మీదికి దిగి ఆడే మొన్నటి కోలం రాత్రి, తన చేత్తో ఇచ్చింది. విప్పి బల్ల మీద, రెండు గొట్టాల పక్కన పెట్టాడు.

హెబ్బారు నవ్వాడు. "నేను సైంటిస్టును తనియప్పా."

"అందుకే మీకు భయం లేదు. చెయ్యి పెట్టి, నీవే అనండి. నేను వెంటనే నోరు తెరుస్తాను. అమ్మాయి సంగతి నేను చూసుకుంటాను."

"ఇదేం తమాషా. ఇది యూనివర్సిటీ."

"జుమాది యూనివర్సిటీలకి రాదని ఎవరు చెప్పారు? మీ అమ్మగారింట్లో కూడా ఏటా కొబ్బరికాయ కట్టేది దానికే కదా. మా పెదనాన్న దించేవాడు ఆ కాయలు."

హెబ్బారు మొహం ఎర్రబడింది. చెయ్యి చాచాడు. తనియప్ప ఆ చేతినే చూస్తున్నాడు. తెల్లటి చెయ్యి, గోళ్ళు శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి. అది బల్ల మీదుగా వచ్చింది. గంధానికి జానెడు దూరంలో నెమ్మదించింది. బెత్తెడు దూరంలో ఆగింది. ఎన్ని దేశాల్లో, ఎన్ని కాగితాల మీద అవి తనియప్పవేనని రాసిందో ఆ చెయ్యి. అలాగే ఉండి, వెనక్కి పోయింది. హెబ్బారు దాన్ని ప్యాంటుకు తుడుచుకున్నాడు, ఏదీ అంటకపోయినా.

గెలిచినవాడికి సంతోషం ఉండాలి. తనియప్పకు నోరు చేదెక్కింది. ఆరేళ్ళుగా తాను బతికున్నాననుకున్న చోట తాను లేడు. తూకం దగ్గర ఎకసెక్కాలాడినవాళ్ళే నిజం చెప్పినట్టయింది. అతను పొట్లం మడవబోయి ఆగాడు. వేళ్ళకు ఆకు తగిలిందో లేదో తెలియలేదు. కళ్ళతో చూస్తే గానీ తెలియదు అతనికి, నాలుగేళ్ళుగా. ఆ వేళ్ళ వైపే చూస్తూ ఉండగా అతని మొహం మారిపోయింది.

"డాక్టరుగారూ," అన్నాడు. "మరి నా మందు?"

"ఏం మందు?"

"ఆపరేషన్ అయ్యాక మీరు పిలిపించి చెప్పారే. నీ కణాల మీద ఐదు మందులు వేసి చూశాం, నాలుగింటికి చావలేదు, ఒక్కదానికి చచ్చాయి, అదే వాడు, లేకపోతే తిరగబెడుతుందన్నారు. ఏడాదిన్నర మింగాను." అతని గొంతు పెరగలేదు. పోక బేరం చేసేటప్పుడు మాట్లాడినట్టే ఉంది. "నా చెట్టుకు తెగులొస్తే నా చెట్టు కాయ కోసి చూసి మైలుతుత్తం కలుపుతాను. పక్కూరి తోటలో కాయ చూసి నా తోటలో కొట్టను. మీరు దేని మీద వేసి చూశారు ఆ మందు? ఎవరు చచ్చారు దానికి?"

అశ్విజ తల తిప్పి హెబ్బారును చూసింది. గుర్తులు కలవలేదన్న ఆరాటంలో, ఇరవై రోజులుగా నిద్రపోని ఆ పిల్లకు కూడా ఈ సంగతి తట్టలేదు. లేదా తట్టితే భరించలేనని ఆమె మనసే దాన్ని దూరంగా నెట్టి ఉంటుంది.

"బతికున్నావు కదా తనియప్పా," అన్నాడు హెబ్బారు.

"కత్తి బతికించింది. మాత్రలేం చేశాయో చెప్పమంటారా? అరికాళ్ళు మొద్దుబారాయి. కాళ్ళకు బందం వేసుకుని చెట్టెక్కితే కాలికి చెట్టు తెలియడం మానేసింది. రెండుసార్లు జారాను. ఇప్పుడు నా చెట్లు కూలివాళ్ళు ఎక్కుతున్నారు, నేను కింద నిలబడి గెలలు ఏరుకుంటున్నాను. జబ్బు కోసం పోయిందిలే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎవరో తల్లి జబ్బు కోసం పోయిందన్నమాట."

హెబ్బారు లేచి వెళ్ళి కిటికీ రెక్క మూశాడు. అక్కణ్ణుంచి తలుపు దగ్గరకొచ్చి, అశ్విజ పక్కగా చెయ్యి పోనిచ్చి, లోపలి గడియ పెట్టాడు.

"ఆ మందు ఇంకెవరికైనా ఇచ్చారా సార్?" అంది అశ్విజ.

"కూర్చోమ్మా."

"ఇచ్చారా?"

"కూర్చో ముందు." హెబ్బారు గడియ మీంచి చెయ్యి తీయలేదు. "మీ మావ మొదటివాడు మాత్రమే. ఇప్పటికీ మింగుతున్నవాళ్ళున్నారు. పొద్దున కూడా ఒకావిడకు అదే ఇమ్మని ఆస్పత్రికి రాసి పంపాను."

అశ్విజ కూర్చోలేదు. గోడకు ఆనుకుంది. తనియప్పకు ఆ మాట వినపడింది గానీ లోపలికి దిగలేదు. అతను బల్ల మీది పొట్లాన్ని రెండు చేతులా పట్టుకుని, పట్టుకున్నానో లేదోనని చూసుకుంటున్నాడు. కళ్ళ ముందు బావి కింది తోట ఒక్కటే ఉంది. ఎండాకాలంలో కూడా తడి ఆరని తోట, తాత పాతిన పోకచెట్లు, మిరియాల తీగలు. ఆ మాత్రల కోసం మోనప్ప శెట్టికి అమ్మింది దాన్నే. అమ్మే హక్కు అతనిది కాదు. తన చేతిలో ఉన్నా అది లీలది, లీల తర్వాత ఇదిగో, గోడకానుకుని నిలబడ్డ ఈ పిల్లది. ఒక ఎకరా పదిహేడు సెంట్లు.